రెక్క నీడ ఎవరి సర్వే నంబరులో పడుతుంది?

పోయిన నెలలో ఒక కుర్రాడు మా అరుగు మీద కూర్చొని సెల్‌ఫోన్‌లో ఒక మ్యాపు చూపించాడు. ఉపగ్రహం తీసిన బొమ్మ, దాని మీద 14 ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ఫ్యాను. గాలిమర అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు జనం నోట అది ఫ్యానే.

"ఇదిగో సార్, ఈ చుక్క మీ చేన్లో పడుతోంది. రెండెకరాలు ఇస్తే చాలు. మిగతా చేను ఎప్పటిలాగే మీరు చేసుకోవచ్చు. ఊఁ అంటే అడ్వాన్సు రేపే" అన్నాడు.

ఫోను అందుకొని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. చుక్కలున్నాయి. చుక్కల్ని కలుపుతూ దారి గీతలున్నాయి. గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో బాణం గుర్తు ఉంది. గెట్లు లేవు. సర్వే నంబర్లు లేవు. వంక లేదు. శ్మశానం లేదు. ఎస్సీ కాలనీ వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ చేలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో లేదు. గొర్రెలు పోయే బాట లేదు.

"ఇందులో మా ఊరు యాడుండాది నాయనా?" అని అడిగాను. కుర్రాడు నవ్వి, "ఊరితో పనేముంది సార్, గాలి లెక్క ఇది" అన్నాడు. పాపం, అతని తప్పు కాదు. ఆ మ్యాపు అతను గీసింది కాదు.

నేను 31 ఏళ్ళు సర్వేయరుగా పనిచేశాను. 66 అడుగుల గొలుసు, నూరు లింకులు లెక్కబెట్టి మొదలుపెట్టినవాణ్ణి. 2021లో రిటైరయ్యేనాటికి చేతికి ఉపగ్రహాలతో కొలిచే రోవర్లు వచ్చాయి. రాయి జరిపారని అన్నదమ్ములు తల పగలగొట్టుకున్న చోట నిలబడి టేపు పట్టాను. కాబట్టి ఊరు లేని మ్యాపు చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది: దీన్ని గీసినవాడికి పక్క చేను కనబడలేదు.

ముందే చెప్పేస్తాను, నేను ఫ్యాన్లకు వ్యతిరేకిని కాదు. ఆషాఢంలో మా పక్క తల మీద టవలు నిలవదు. మొలకెత్తిన వేరుశనగ మీద ఇసుక కొట్టే గాలి అది. చిన్నప్పుడు కళ్ళంలో కొర్రలు తూర్పారబట్టడానికి గాలి ఆడకపోతే చేటలు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాళ్ళం. అక్కర్లేనప్పుడేమో అదే గాలి ఇంటి పైకప్పు లేపుకుపోయేది. వాన ఇవ్వని ఆకాశం గాలినైనా ఇస్తోంది, దాంతో నాలుగు రూపాయలు పుడితే వద్దనడానికి నేనెవర్ని? పైగా సోలారు వస్తే చేనంతా కంచె వేసి తాళం వేస్తారు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పలకల కిందికి పోతాయి. ఫ్యాను అట్లా కాదు. దాని మొదలు దాకా గుంటక తోలుకోవచ్చు. బొగ్గు లేదు, బూడిద లేదు, నీళ్ళు తాగదు. వానకు మొహం వాచిన జిల్లాకు ఇంతకంటే మర్యాదైన ఫ్యాక్టరీ దొరకదు.

వద్దనేవాళ్ళు లేకపోలేదు. మా చిన్నాయనకు 80 దాటాయి. "ఆ ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తాండాయి అబ్బీ, అవి వచ్చినప్పట్నుంచే వానల్లేవు" అంటాడు. ఆయన ఒక్కడే కాదు, రచ్చకట్ట మీద సగం మంది మాట అదే. "చిన్నాయనా, డొక్కల కరువు నాడు ఏ ఫ్యాను తిరిగింది? ఆ తర్వాతి కరువులో మీ నాయన గంజి తొట్టి కాడ నిలబడినప్పుడు ఈ కంపెనీ ఉండెనా?" అని అడుగుతాను. పడమటి కనుమలు నైరుతి మబ్బును అవతలే పిండేసుకుంటాయి. మనకు మిగిలేది ఎండు గాలి. ఎంత పొడుగు ఫ్యానైనా రెక్క కొస 200 మీటర్ల చిల్లర ఎత్తే, వాన మబ్బు దానికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. అయినా నేను ఆయన్ను ఎగతాళి చేయను. తన చేను మీద తనకు చెప్పకుండా ఏదో తిరుగుతుంటే మనిషి దానికి ఏదో ఒక కారణం వెతుక్కుంటాడు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు గనక పుట్టిన మాట అది.

నేను మొదటిసారి ఫ్యాన్లు చూసింది రామగిరి గుట్టల మీద, 1990ల్లో. గుట్ట మీద బొమ్మల్లా ఉండేవి. వాటి కింద ఎవరి చేనూ లేదు, చూసి ముచ్చటపడి వచ్చాం. ఇప్పటివి గుట్ట దిగి చేలల్లోకి వచ్చాయి. ఎందుకు దిగాయంటే స్తంభం పొడుగు పెరిగింది. నేల నుంచి పైకి పోయేకొద్దీ గాలి బలంగా, నిలకడగా వీస్తుంది. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనా చూడండి: 100 మీటర్ల ఎత్తులో కొలిస్తే ఆంధ్రప్రదేశ్ గాలి సత్తా 44 వేల మెగావాట్లు; అదే 150 మీటర్ల ఎత్తులో కొలిస్తే లక్షా 23 వేలు. గుట్ట అవసరం తీరిపోయింది, వేరుశనగ చేనే గుట్ట అయింది.

సర్వేయరు బుద్ధి ఊరికే ఉండదు. కుర్రాడు వెళ్ళిపోయాక కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ఇప్పుడు దేశంలో నిలబెడుతున్న 3 మెగావాట్ల రకం ఒకటి తీసుకుందాం. స్తంభం 140 మీటర్లు. రెక్కలు తిరిగే చక్రం అడ్డంగా 144 మీటర్లు, అంటే నడుమ నుంచి రెక్క కొసకు 72 మీటర్లు. గాలి దిక్కు మారినప్పుడల్లా తల తిప్పుకొని ఆ రెక్కలు స్తంభం చుట్టూ నేల మీద గీసే వృత్తం ఎంతో తెలుసా? నాలుగు ఎకరాల రెండు సెంట్లు.

వాళ్ళు అడుగుతున్నది రెండెకరాలు. చదరంగా ఉన్న రెండెకరాల చేను ఒక్కో పక్క 90 మీటర్లు. సరిగ్గా నడిమధ్యన స్తంభం పాతినా గెట్టు 45 మీటర్లకే వచ్చేస్తుంది. రెక్క 72 మీటర్ల దాకా పోతుంది. తక్కిన 27 మీటర్లు, గొలుసు లెక్కలో ఒక గొలుసూ మూడో వంతు, పక్కవాడి చేను మీద తిరుగుతుంది. నాలుగు దిక్కులా అంతే. మా ఊళ్ళో చేలు చదరంగా ఉండవు గదా, చీర కొంగులా సాగి ఉంటాయి. అప్పుడు ఇంకా ఎక్కువ.

డబ్బు ముట్టేది ఒకరికి. రెక్క నీడ పడేది నలుగురికి. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ నీడ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ వీపుల మీదుగా వచ్చి పోతూ ఉంటుంది. ఒక రోజు అలవాటు లేక తల తిరిగిందని మా ఇంటి పనికి వచ్చే ఆమె చెప్పింది. తర్వాత అలవాటైందంట. అలవాటు కావడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ఇక దూరాల సంగతి. కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరు 22న పవన విద్యుత్తు ప్రాజెక్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. రోడ్డు, రైలు పట్టాలు, కట్టడాలు, బడి, గుడి వంటివాటికి ఫ్యాను ఎంత దూరంలో ఉండాలంటే, స్తంభం ఎత్తు, దానికి రెక్కల చక్రంలో సగం, ఆపైన 5 మీటర్లు. మన లెక్కకు 140, 72, 5 కలిపితే 217 మీటర్లు. ఫ్యాను నిలువునా కూలినా మీద పడకూడదని ఆ కొలత. చప్పుడు బాధ లేకుండా నివాసాలకు 500 మీటర్ల దూరం ఉండాలని ఇంకో మాట. బాగుంది, మంచి కొలతలే. కానీ 500 మీటర్ల వృత్తంలో 194 ఎకరాలు ఉంటాయి. ఈ రోజు అక్కడ ఇల్లు లేదు కాబట్టి ఫ్యాను పెట్టారు. రేపు ఆ 194 ఎకరాల్లో ఎవరైనా చేన్లో ఇల్లు కట్టుకోవాలనుకుంటే? అన్నదమ్ములు వేరుపడి ఒకడు చేను కాడికి పోయి కాపురం పెట్టాలనుకుంటే? మా పక్క ఇది జరగని ఏడు లేదు. ఫ్యాను ముందు వచ్చింది, ఇల్లు తర్వాత వచ్చింది అంటారు. నిద్ర పట్టకపోతే ఎవరి మీద కేసు వేయాలి?

అంటే రెండెకరాలకు డబ్బిచ్చి, 194 ఎకరాల మీద ఒక రకమైన హక్కు పొందుతున్నారు. కాగితం మీద లేని హక్కు. అందుకే నా తగాదా ఫ్యానుతో కాదు, చుక్కతో.

మా బావమరిది కథ చెప్పాలి. 2016లో ఒక కంపెనీ తరఫున ఏజెంటు వచ్చి మూడెకరాల మెట్ట అడిగాడు. అప్పుడు ఊళ్ళో ఉన్న ధరకు దాదాపు రెట్టింపు ఇచ్చాడు. మావాడు కూతురి పెళ్ళి చేశాడు, అప్పు తీర్చాడు, నాకు పంచె కూడా పెట్టాడు. అంతవరకు ఎవరూ తప్పుపట్టేది లేదు. కొడుక్కి వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఇచ్చారు, 11 నెలలు. తర్వాత ఏజెన్సీ మారింది, కొడుకు బెంగళూరు పోయాడు.

అసలు పీడ దారితో వచ్చింది. క్రేను రావాలి, రెక్కలు మోసే ట్రైలరు మలుపు తిరగాలి. ఒక్కో రెక్క మా ఊరి వీధంత పొడుగు. మలుపులో రెండు చింతచెట్లు కొట్టేశారు. అవి ఎవరు నాటారో ఎవరికీ తెలియదు గాబట్టి ఎవరూ అడగలేదు. మావాడు అమ్మకుండా మిగుల్చుకున్న చేను గుండా దారి పోయింది. "తాత్కాలికమే అన్నా, ఫ్యాను నిలబడినాక గెరసు ఎత్తేస్తాం" అన్నారు. నోటి మాట. గెరసు ఇప్పటికీ ఉంది. నేనే టేపు పట్టి కొలిచాను, దారి కింద 38 సెంట్లు పోయాయి. చేనుకు అడ్డంగా రెండడుగుల ఎత్తు కట్ట వేశారు గానీ తూము పెట్టలేదు. వాన పడితే పై చేలల్లో నీళ్ళు దారికి తగిలి నిలిచి, వేరుశనగ కుళ్ళింది. కరువు జిల్లాలో నీళ్ళు నిలిచి పంట పోయిందని చెప్పుకుంటే నవ్వుతారు. అర్జీ నేనే రాసిచ్చాను. స్థలం కొన్న కంపెనీ, దారి వేసిన కాంట్రాక్టరు, ఇప్పుడు నడుపుతున్న సంస్థ, మూడూ వేరు. ఒకరు ఇంకొకరి వైపు చూపించారు. ఆ తర్వాత హంద్రీ-నీవా కాలువ నీళ్ళతో ఈ చుట్టుపక్కల చేల ధరలు ఎక్కడికో పోయాయి. మావాడు అప్పుడప్పుడు ఆ ఫ్యాను కింద నిలబడి పైకి చూస్తాడు. ఏం ఆలోచిస్తాడో నేను అడగలేదు.

ఇంత పెద్ద నిర్మాణం వస్తుంటే ముందు ఊరిని పిలిచి అడిగే ఘట్టం ఎక్కడా లేదా అంటే, నిజంగానే లేదు. పర్యావరణ ప్రభావ మదింపు కోసం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేదు. కాబట్టి బహిరంగ విచారణ లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలకు రంగులు పంచినప్పుడు దీన్ని తెల్ల రంగు కింద, అంటే కాలుష్యం లేనివాటిలో, పెట్టింది. 2013 భూసేకరణ చట్టం ప్రభుత్వం సేకరిస్తే సామాజిక ప్రభావం చూడమంటుంది. రెండేసి ఎకరాలు విడివిడిగా అరుగుల మీద కొనుక్కుంటూ పోతే ఆ చట్టానికి పనే పడదు. పొగ రాదన్నది నిజమే. కానీ పొగ ఒక్కటేనా ఊరికి తగిలేది?

శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడున్న కల్పవల్లి సంగతి ఈ జిల్లాల్లో చాలామందికి తెలుసు. రికార్డుల్లో బంజరు. నిజానికి 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో, కాపాడి పెంచుకున్న అడవి. గొర్రెలకు మేత, వంకల్లో నీళ్ళు, బోద గడ్డి, ఈత చెట్లు. బంజరని రాసి ఉంది గనక గాలి కంపెనీకి ఇచ్చారు. గుట్టల నెత్తిన దారులు తవ్వారు, మట్టి జారి వంకల్లో పడింది. ఎవరికీ పట్టా లేదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదు! అడంగల్‌లో ఒక మాట రాసేటప్పుడు నాలాంటివాడి చేతిలో పెన్ను ఎంత బరువుండాలో కల్పవల్లిని చూశాక తెలిసింది. మా ఊరి మ్యాపులో కూడా ఆ 14 చుక్కల్లో మూడు గొర్రెల మేత బీడులో ఉన్నాయి. ఫోన్‌లో చూసినప్పుడే గుర్తుపట్టాను. కురుబ పిల్లలు మధ్యాహ్నం పడుకునే తుమ్మచెట్టు ఆ చుక్క కిందే ఉంది.

కౌలు రైతు సంగతి కూడా అంతే. ఊళ్ళో చేసేవాళ్ళలో చాలామంది కౌలుకు చేసేవాళ్ళే. పట్టాదారు అనంతపురంలోనో హైదరాబాదులోనో ఉండి ఫోన్‌లో సరే అంటాడు. గుత్త కట్టి విత్తనం వేసినవాడు తెల్లారి చేనుకు పోతే జేసీబీ ఉంటుంది. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు ఉన్నా దాని మీద ఫ్యాను గురించి ఒక్క ముక్క లేదు.

లైన్ల మాట మరిచిపోకూడదు. ఫ్యాను ఒకరి చేన్లో ఉంటే, కరెంటు పోయే స్తంభాలు పదిమంది చేలల్లో ఉంటాయి. పెద్ద లైను టవర్ల కింద భూమికి ధరకు రెట్టింపు, తీగల కింద పట్టీకి 30 శాతం పరిహారం ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే, అంతకుముందు అది 85 శాతం, 15 శాతం. కానీ ఆ మార్గదర్శకాలు 66 కేవీ, ఆపై లైన్ల కోసం. ఫ్యాను నుంచి సబ్‌స్టేషన్ దాకా మన చేలల మీదుగా పోయేది 33 కేవీ. దానికి స్తంభానికింత అని ఎవరు ఎంత గట్టిగా అడిగితే వాళ్ళకు అంత. అడగలేనివాడికి ఒక చీర, ఒక నమస్కారం.

మరి కంపెనీలకు కాగితం విలువ తెలియదా? వాళ్ళంత బాగా తెలిసినవాళ్ళు లేరు. 2019 జూలైలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్తు ధరలు ఎక్కువగా ఉన్నాయని, తగ్గించుకోవాలని కమిటీ వేసింది. యూనిట్‌కు 4 రూపాయల 84 పైసలున్న గాలి కరెంటుకు 2 రూపాయల 43 పైసలే ఇస్తామంది. కంపెనీలు హైకోర్టుకు పోయాయి. 2022 మార్చిలో డివిజన్ బెంచి, ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని తీర్పిచ్చింది. ప్రభుత్వం మారినా, కమిటీ వేసినా, వాళ్ళ చేతిలో 25 ఏళ్ళ సంతకం ఉంది, అది నిలబెట్టింది. సబబే. నేను అడిగేదల్లా, అదే ఫ్యాను కింద ఉన్న రైతుకు, పక్క రైతుకు, ఊరికి అలాంటి ఒక కాగితం ఉండాలని. మా బావమరిది దగ్గర ఉన్న కాగితం తన చేను తనది కాదని చెప్పే సేల్ డీడ్ ఒక్కటే.

డబ్బు లెక్కకు వస్తే, అదీ అంత గారడీ ఏమీ కాదు. 3 మెగావాట్ల ఫ్యాను ఏడాదంతా ఆగకుండా పూర్తి బలంతో తిరిగితే 2 కోట్ల 62 లక్షల యూనిట్లు రావాలి. గాలి అట్లా వీయదు. నూటికి 30 వంతులు వచ్చిందనుకుందాం, 78 లక్షల యూనిట్లు. ఇటీవలి వేలాల్లో ధరలు మూడున్నర రూపాయలకు అటూ ఇటూ ఉన్నాయి. అంటే ఒక ఫ్యాను ఏడాదికి రెండు కోట్ల 70 లక్షల చిల్లర కరెంటు అమ్ముతుంది. ఇందులో యూనిట్‌కు 5 పైసలు ఊరికి తీయమంటున్నాను. వందకు ఒకటిన్నర రూపాయి కూడా కాదు. 14 ఫ్యాన్లకు కలిపి ఏడాదికి సుమారు 55 లక్షలు. మూడు పైసలు రెక్క నీడ, చప్పుడు, తీగ, దారి పడే చేలవాళ్ళకు, కౌలుదారులకు, గొర్రెల కాపర్లకు; రెండు పైసలు పంచాయతీకి. 25 ఏళ్ళు, ఏటా. ఇదేం వింత కోరిక కాదు. జర్మనీలో 2021 నుంచి ఫ్యానుకు రెండున్నర కిలోమీటర్ల లోపు ఉన్న మునిసిపాలిటీలకు యూనిట్‌కు 0.2 యూరో సెంట్ల దాకా కంపెనీ చెల్లించవచ్చని చట్టంలోనే పెట్టారు. మన డబ్బుల్లో సుమారు 20 పైసలు వస్తుంది. నేను 5 దగ్గరే ఆగాను, బేరం తెలియనివాణ్ణి కాబట్టి.

సోలారు రైతుకు ఒక వెసులుబాటు దొరికింది. ఎకరాకు ఏటా 30 వేల కౌలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు అని ప్రభుత్వ పెద్దలే సభల్లో చెప్పారు. ఆ అంకె ఊళ్ళోకి వచ్చింది, కాబట్టి రైతు ఆ అంకె పట్టుకొని మాట్లాడతాడు. ఫ్యాను రైతుకు అలాంటి అంకె లేదు. అరుగు మీద ఎంత చెబితే అంతే ధర. పక్కింటివాడికి ఎంత ఇచ్చారో చెప్పొద్దని ఒట్టు.

మా ఊరి 14 చుక్కలతో పోయేది కాదు గనకే ఇంత రాస్తున్నాను. రాష్ట్రంలో ఇప్పుడు 4 వేల మెగావాట్ల పైచిలుకు గాలి కరెంటు ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 35 వేల మెగావాట్ల గాలి కరెంటు లక్ష్యం పెట్టుకుంది. అన్నీ 3 మెగావాట్ల ఫ్యాన్లే అనుకున్నా 11 వేలకు తక్కువ కావు. ఎక్కువ భాగం అనంతపురం, శ్రీ సత్యసాయి, కర్నూలు, నంద్యాల, కడప చేలల్లోనే రావాలి. గాలి ఉన్నది ఇక్కడ. మా పక్కనే వజ్రకరూరులో తొలకరి పడగానే జనం చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. దొరికినవాడికి ఎంత దక్కిందో, కొన్నవాడికి ఎంత మిగిలిందో మాకు తరాలుగా తెలుసు. గాలి విషయంలోనూ అదే జరగనక్కరలేదు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద చట్టం కూడా కాదు. ఏ కంపెనీ అయినా స్థలం ఖరారు చేసేముందు చుక్కల మ్యాపును మన ఎఫ్‌ఎంబీ, అంటే చేల కొలతల పుస్తకం మీద, సర్వే నంబర్లతో, వంకలు బాటలతో సహా గీయించి గ్రామసభలో గోడకు తగిలించాలి. రెక్క వృత్తం, 217 మీటర్లు, 500 మీటర్లు మూడు రంగుల్లో చూపించాలి. భూముల రీసర్వేకు ఇంత ఖర్చుపెట్టి ఊరూరికీ కొత్త కొలతలు తెచ్చారు గదా, ఒక మండల సర్వేయరుకు ఇది వారం పని. ఇద్దరిని ఇస్తే నాలుగు రోజులు. అమ్మకం కాక కౌలు మీదే తీసుకోవాలని, ఆ ఒప్పందం తెలుగులో ఉండాలని, కంపెనీ చేతులు మారితే కొత్తవాడు కూడా దానికి కట్టుబడాలని రాయించాలి. 25 ఏళ్ళ తర్వాత ఫ్యాను ఎవరు దించుతారు, నేలలో పాతిన వందల ఘనపు మీటర్ల కాంక్రీటు ఎవరు తవ్వుతారు, దానికి డబ్బు ఇప్పుడే ఎక్కడ జమ చేస్తారు, అదీ రాయాలి. రామగిరి గుట్టల మీద పాతవాటికి వయసైపోయింది, అడిగేవాడు లేడు. గుట్టకు నోరు లేదు.

కుర్రాడు మళ్ళీ పోయిన బుధవారం వచ్చాడు. మ్యాపు ప్రింటు తీసి, సర్వే నంబర్లు వేయించుకొని రమ్మన్నాను. పైన అడుగుతానని వెళ్ళాడు. పక్క చేను రైతు నాకంటే ముందే సంతకం పెట్టేస్తే నా చుక్క అటు జరుగుతుందని మా ఆవిడ భయం. జరగవచ్చు. అందుకే ఈ మాట నా అరుగు మీద కాక పేపర్లో రాస్తున్నాను.

చదివేవాళ్ళకు ఒక మనవి. ఫ్యాన్లు రావడానికి ఏడాది, రెండేళ్ళ ముందే మీ ఊరి పొలిమేరలో సన్నని ఇనుప స్తంభం ఒకటి లేస్తుంది. నాలుగు పక్కలా తీగలతో కట్టి, పైన గిన్నెల్లాంటివి తిరుగుతుంటాయి. సెల్ టవరు కాదు అది, గాలి కొలిచేది. అది లేచిన వారంలోనే మీ 1బీ, అడంగల్, ఎఫ్‌ఎంబీ కాపీలు తీసిపెట్టుకోండి. గెట్టు రాళ్ళు ఉన్నాయో లేవో చూసుకోండి. ఏడాదికి మించిన ఏ కౌలైనా రిజిస్ట్రేషన్ కాకపోతే కోర్టులో నిలవదని గుర్తుపెట్టుకోండి. చుట్టూ చేలున్న పదిమందీ ఒక సాయంత్రం గుడి దగ్గర కూర్చొని, ఎవరూ విడిగా సంతకం పెట్టకూడదని ముందే అనుకోండి.